చైనా భోజనానికి ఏది సరి: పుల్లలా, ముళ్ళగరిటెనా, చెంచానా, చెయ్యేనా?

చీమకుర్తి రాయి:

సభ్యులందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా. చీమకుర్తి క్వారీలలో దొరికే నల్ల గెలాక్సీ గ్రానైటు దిమ్మెలను చైనాకు పంపే చిన్న వ్యాపారం మాది. ఇంతకాలం అక్కడి వ్యవహారమంతా మా అన్నయ్య చూసుకునేవారు. ఆయనకు మోకాలి ఆపరేషన్ కావడంతో, మార్చిలో షియామెన్ నగరంలో జరిగే రాతి ప్రదర్శనకు ఈసారి నేను వెళ్ళవలసి వస్తోంది. రాయి గురించీ రేటు గురించీ నాకు బెరుకు లేదు. బెరుకంతా భోజనం బల్ల దగ్గరే. కొనుగోలుదారులు ఒక రాత్రయినా విందుకు పిలవకుండా ఉండరనీ, గుండ్రటి బల్ల చుట్టూ పదిమంది కూర్చుంటారనీ, ప్రతి ఒక్కరి ముందూ చాప్‌స్టిక్స్ పెడతారనీ అన్నయ్య చెప్పారు.

సాధన చేద్దామని గత ఆదివారం ఒంగోలులో ఒక హోటలుకు ఇంటిల్లిపాదీ వెళ్ళాం. ఫ్రైడ్ రైస్ తెప్పించుకొని పుల్లలతో మొదలుపెట్టాను. 20 నిమిషాలు గడిచేసరికి బఠాణీలూ క్యారెట్ ముక్కలూ ఏరుకొని తినగలిగాను గానీ, అన్నం మాత్రం ప్లేటులో వడ్డించినది వడ్డించినట్టే ఉంది. మా అబ్బాయి అప్పటికే ఫోనులో వీడియో తీసి బంధువులందరికీ పంపేశాడు. చివరకు పుల్లలు పక్కన పెట్టి చేత్తో కానిచ్చాను.

నాకు తెలియవలసినవి ఇవి. అక్కడ ముళ్ళగరిటె అడిగితే చిన్నతనంగా చూస్తారా? అన్నానికీ, నూడుల్స్‌కూ, సూపుకూ ఒకే పనిముట్టు వాడాలా, వేరువేరా? మనలా చేత్తో తినదగిన పదార్థాలు వాళ్ళ భోజనంలో ఏమైనా ఉంటాయా?

బండి నూడుల్స్:

రాయి గారూ, మీరు ఎంచుకున్న వంటకమే మిమ్మల్ని ఓడించింది. నేను విజయవాడలో 11 ఏళ్ళుగా ఫాస్ట్ ఫుడ్ బండి నడుపుతున్నాను. ఫ్రైడ్ రైస్ కోసం మేము అన్నాన్ని కాస్త పలుకుగా వండి, వార్చి, పళ్ళెంలో ఆరబోసి, పెద్ద మంట మీద కడాయిలో మెతుకు మెతుకుకూ నూనె పట్టేటట్టు ఎగరేస్తాం. మెతుకుకు మెతుకు అంటుకున్నదంటే మా పని చెడినట్టు. అలా విడదీసిన అన్నాన్ని రెండు పుల్లలతో పట్టుకోవాలనుకోవడం ఇసుకను పటకారుతో ఎత్తడం వంటిది. దానికి చెంచాయే సరి.

నూడుల్స్‌కు ఫోర్కు మంచిది గానీ, ఇప్పుడు మా బండి మీద దానికీ కష్టం వచ్చింది. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలనూ ఫోర్కులనూ నిషేధించాక మేము చెక్కవి ఇస్తున్నాము. వాటి పళ్ళు పొట్టిగా, మొద్దుగా ఉండడంతో నూడుల్స్ చుట్టుకోవు. వేడి తగిలి తడిస్తే మెడ దగ్గర వంగుతాయి కూడా. అందుకని కొందరు రెండు ఫోర్కులు అడిగి తీసుకొని, ఒకదానితో ఎత్తి రెండోదానితో పట్టి తింటున్నారు. చూడబోతే వాళ్ళు తెలియకుండానే చాప్‌స్టిక్స్ దారిలోకి వచ్చేశారు. ఇక గోబీ మంచూరియాకు పళ్ళు కుట్టుకునే పుల్ల ఒక్కటి చాలు.

వైద్యవిద్యార్థిని:

నేను చైనాలో 5 ఏళ్ళు ఉండి వైద్యం చదివాను. బండి గారు చెప్పినది అక్కడ కూడా నిజమే. మా కళాశాల క్యాంటీన్‌లో ఫ్రైడ్ రైస్ తీసుకున్న చైనా విద్యార్థులలో చాలామంది చెంచాతోనే తినేవారు. క్యాంటీన్ గుమ్మం దగ్గర రెండు డబ్బాలు ఉండేవి, ఒకదానిలో చాప్‌స్టిక్స్, రెండవదానిలో స్టీలు చెంచాలు. ఎవరికి కావలసినది వారు తీసుకునేవారు. దీనిని చూసి నవ్వినవారిని నేను ఒక్కరిని కూడా ఎరుగను.

మనవాళ్ళకు ఎదురయ్యే చిక్కు పుల్లలలో కన్నా పళ్ళెంలో ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. మనం వెడల్పు పళ్ళెంలో తింటాము; పళ్ళెం కింద ఉంటుంది, నోరు పైన ఉంటుంది, మధ్యలో జానెడున్నర దూరం. అంత దూరం ఒక్కొక్క మెతుకును పుల్లల మీద మోయడం చైనావారికీ సాధ్యం కాదు. వారు చిన్న గిన్నెలో అన్నం పెట్టుకొని, ఎడమ చేత్తో ఆ గిన్నెను పెదవుల దాకా ఎత్తి, పుల్లలతో అన్నాన్ని నోటిలోకి తోస్తారు. అప్పుడు పట్టుకోవలసిన పనే లేదు. జిగురు బియ్యం కనుకనే పుల్లలకు అంటుతుందని చాలామంది అంటారు. ఉత్తరాన తినే పొట్టి గింజ బియ్యం విషయంలో అది కొంత నిజమే గానీ, దక్షిణాన ఎక్కువగా తినేది మన బియ్యం వంటి పొడుగు గింజ రకాలనే. అక్కడా పుల్లలతోనే తింటున్నారంటే ఆ ఘనత గిన్నెదే.

మెత్తని టోఫూను, అంటే సోయా పనీరును, కారపు ఊటలో ఉడికించే మాపో టోఫూ వంటివాటిని చెంచాతో అన్నం మీద వేసుకొని, చెంచాతోనే తినవచ్చు. సూపు నూడుల్స్‌కు మాత్రం రెండూ కావాలి. కుడిచేతిలో పుల్లలు, ఎడమచేతిలో అడుగు చదునుగా ఉండే పింగాణీ చెంచా పట్టుకొని, కొద్దిపాటి నూడుల్స్‌ను ఎత్తి చెంచాలో చుట్టగా దించి, కాస్త రసం కూడా చేర్చుకొని నోట్లో పెట్టుకుంటే చొక్కా మీద చుక్క పడదు.

పెద్దమ్మ వంటిల్లు:

నేను ఒకటి అడుగుతాను, ఎవరూ తప్పుగా అనుకోకండి. దేవుడు అయిదు వేళ్ళు ఇచ్చాడు. వేడి ఎంతో వేలికి తెలుస్తుంది, ముల్లు ఎక్కడుందో వేలికి తెలుస్తుంది, ముద్ద ఎంత కలపాలో వేలికి తెలుస్తుంది. మన ఇంటికి వచ్చిన చైనా అతిథికి మనం పప్పన్నం చేత్తో తినమని నిర్బంధించము కదా, చెంచా ఇస్తాము. మరి మనం వెళ్ళినప్పుడు మాత్రం పుల్లలతో కుస్తీ పట్టాలని ఎక్కడ ఉంది? నాయనా, నీకు వచ్చినట్టు తిను. ఆకలితో లేచి రావడం కన్నా అవమానం ఇంకొకటి లేదు.

సరదాకి ఒకడు:

పెద్దమ్మ గారూ, దాని వెనుక పెద్ద తత్వమే ఉందట. బల్ల మీద కత్తి కనిపిస్తే హింస గుర్తుకు వస్తుంది గనుక కత్తులూ ముళ్ళగరిటెలూ వంటింట్లోనే ఉండాలని ప్రాచీన చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ శాసించాడని, అందుకే చాప్‌స్టిక్స్ వచ్చాయని నేను చాలాచోట్ల చదివాను.

పాత పుస్తకం:

చరిత్ర అధ్యాపకుడిగా ఇక్కడ కొంచెం అడ్డు తగలక తప్పదు. ఆ కథ ఎంతగా తిరుగుతున్నా దానికి ఆధారం లేదు. దానికి మూలంగా చూపే మాట కన్ఫ్యూషియస్‌ది కాదు, ఆయన బాటలోనే నడిచిన తరువాతి కాలపు తత్వవేత్త మెన్షియస్‌ది. బలికి తోలుకుపోతున్న ఎద్దు వణుకు చూడలేక దానిని విడిచిపెట్టమన్న ఒక రాజుతో మాట్లాడుతూ, జంతువు అరుపు విన్నవాడు దాని మాంసం తినలేడనీ, అందుకే ఉత్తముడు వంటశాలకు దూరంగా ఉంటాడనీ ఆయన అన్నాడు. అందులో పుల్లల ప్రస్తావన లేదు, బల్ల మీది కత్తి ప్రస్తావన అంతకన్నా లేదు. పైగా చాప్‌స్టిక్స్ వారిద్దరి కన్నా పాతవి. హెనాన్ రాష్ట్రంలోని అన్యాంగ్ వద్ద షాంగ్ రాజుల కాలపు తవ్వకాలలో కంచు పుల్లలు దొరికాయి. అవి సుమారు 3,200 ఏళ్ళ నాటివి. వాటిని మొదట తినడానికి కాక, మరిగే పాత్రలో నుండి ముక్కలు తీయడానికి, అంటే మన పటకారు వలె, వాడి ఉంటారని పండితులు భావిస్తారు.

పెద్దమ్మ గారికి నచ్చే సంగతి ఒకటి ఉంది. ప్రాచీన చైనాలో అన్నం స్థానంలో ఉండినది కొర్ర, వరిగ వంటి చిరుధాన్యం. ఉడికితే అది పొడిపొడిగా ఉంటుంది. మర్యాదలను చెప్పే 'లీజీ' అనే ప్రాచీన గ్రంథం, చిరుధాన్యపు అన్నాన్ని పుల్లలతో తినవద్దని స్పష్టంగా చెబుతుంది. పులుసులో కూర ముక్కలు ఉంటే పుల్లలు వాడమనీ, ముక్కలు లేకపోతే వాడవద్దనీ అదే గ్రంథం అంటుంది. ఒకే పాత్రలో నలుగురు కలిసి తింటున్నప్పుడు చేతులు రుద్దుకోవద్దని కూడా అందులో ఉంది. ఆ రోజుల్లో అన్నం చేత్తో తినేవారు కనుకనే ఆ నియమం అవసరమైందని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే చైనాలో చెయ్యి, చెంచా, పుల్ల మూడూ పక్కపక్కనే నడిచాయి, దేని పని దానిది. గోధుమపిండితో నూడుల్స్ పెరిగి, ఆ తరువాత వరి వాడకం పెరిగి, పుల్లలు చెంచాను నెమ్మదిగా సూపు గిన్నెలోకి నెట్టాయి. కొరియాలో మాత్రం ఈనాటికీ అన్నం చెంచాతోనే తింటారు.

సింగపూరు తెలుగు:

పాత పుస్తకం గారి వివరణ బాగుంది. నేను ఆచరణకు సంబంధించినవి చెబుతాను. షియామెన్ ఉన్న ఫుజియాన్ రాష్ట్రం నుండి వచ్చినవారి సంతతి సింగపూరు చైనీయులలో పెద్ద వర్గం గనుక, ఆ బల్ల మర్యాదలు నాకు కొంత అలవాటే.

ముళ్ళగరిటె అడగడం తప్పు కాదు. విదేశీయులు వచ్చే పెద్ద హోటళ్ళలో అది దొరుకుతుంది. చిన్న భోజనశాలలో అడిగితే చెంచా ఒక్కటే తెచ్చి ఇవ్వవచ్చు. అయితే నా సలహా వేరు. మొదటి పదార్థం పుల్లలతో ప్రయత్నించి, చేతకాకపోతే చెంచా అందుకోండి. ప్రయత్నించిన అతిథిని చూస్తే వారికి ముచ్చటగా ఉంటుంది. 1972లో పీకింగ్ (నేటి బీజింగ్) విందులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చాప్‌స్టిక్స్ పట్టుకున్న దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. ఆయన కూడా ప్రయాణానికి ముందు సాధన చేసి వెళ్ళినవాడే.

పట్టు సరిగ్గా కుదరకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు గానీ, కొన్ని పనులు చేస్తే అనుకుంటారు. అన్నం గిన్నెలో పుల్లలను నిలువుగా గుచ్చి వదలకూడదు, చనిపోయినవారికి వెలిగించే అగరువత్తులను అది గుర్తుచేస్తుంది. పిండం దగ్గర చేసే పనిని మనం భోజనం దగ్గర చేయము కదా, అలాంటిదే. గిన్నె అంచు మీద పుల్లలతో తాళం వేయకూడదు, అది బిచ్చమెత్తే చప్పుడు. ఉమ్మడి పళ్ళెంలో మంచి ముక్క కోసం కెలకకూడదు. ఉమ్మడి పళ్ళేల పక్కన వేరే జత పుల్లలో, గరిటెనో పెట్టి ఉంటే వాటితోనే వడ్డించుకోవాలి. ఈ సంగతి మన ఎంగిలి పట్టింపు ఉన్నవారికి చెప్పనవసరం లేదు. అలా పెట్టకపోతే మొహమాటపడకుండా అడగండి. 2020లో కరోనా వచ్చాక ఆ అలవాటును అక్కడ గట్టిగా ప్రోత్సహించారు.

ఇంకొకటి. షియామెన్ సముద్రతీరం. ఆవిరి మీద ఉడికించిన చేప నిండుగా వస్తుంది. పై భాగం తినడం పూర్తయ్యాక చేపను తిరగేయకండి. పడవ బోల్తా పడడానికి అది సంకేతమని జాలరి కుటుంబాలలో నమ్మకం. ముల్లును పైకి లేపి తీసివేసి కింది భాగం తింటారు. దీనికి పుల్లలే మేలు, ఫోర్కుతో చేస్తే ముల్లు విరిగి మాంసంలో కలుస్తుంది.

చేత్తో తినేవి లేకేం? షియామెన్‌లోనే పల్చని గోధుమ రొట్టెలో కూరలు చుట్టి ఇస్తారు, మా దగ్గర దానిని పోపియా అంటాము. చేత్తో పట్టుకొని కొరికి తినేదే అది. ఆవిరి కుడుముల వంటి మాంథౌ, బావ్‌త్సులూ చేత్తోనే. వాయవ్యాన షిన్‌జియాంగ్‌లో ఉయ్గుర్లు వండే మాంసపు పలావుకు చైనా భాషలో ఉన్న పేరుకే 'చేత్తో పట్టి తినే అన్నం' అని అర్థం.

కలకత్తా కాపురం:

మన హోటళ్ళలో తినే చైనీస్‌కు ఈ నియమాలు వర్తించవని గుర్తుంచుకోవాలి. కలకత్తాలో తోళ్ళ పని చేసుకుంటూ తాంగ్రా పేటలో స్థిరపడిన హక్కా అనే చైనా తెగ కుటుంబాల హోటళ్ళకు మేము తరచుగా వెళ్తాము. అక్కడ వెడల్పు పళ్ళెం, ఫోర్కు, చెంచా పెడతారు. చిక్కటి ఊటతో మిర్చి చికెన్, దాని పక్కన ఫ్రైడ్ రైస్ ఇచ్చినప్పుడు కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు పట్టుకొని, ఫోర్కుతో చెంచాలోకి తోసుకుని తినడమే సుఖం. థాయిలాండులోనూ అన్నం తినే పద్ధతి ఇదే. అక్కడ పుల్లలు నూడుల్స్‌కు తప్ప పెద్దగా కనిపించవు. మన బంజారా హిల్స్‌లో కొందరు గోబీ మంచూరియాను చాప్‌స్టిక్స్‌తో తింటూ ఫోటోలు పెట్టడం చూస్తే నాకు ఇడ్లీని ఫోర్కుతో పొడవడం గుర్తుకు వస్తుంది.

చీమకుర్తి రాయి:

అందరికీ కృతజ్ఞతలు. గిన్నె సంగతి చదివాక నా తప్పు ఎక్కడుందో తెలిసింది. కానీ వైద్యవిద్యార్థిని గారూ, ఒక ఇబ్బంది ఉంది. ఎడమచేత్తో అన్నం గిన్నె ఎత్తి నోటి దగ్గర పెట్టుకోవడమంటే నాకు మనసు ఒప్పడం లేదు. చిన్నప్పుడు కంచం ఎత్తి మజ్జిగ తాగితేనే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. అలాగే ఇంట్లో దేనితో సాధన చేయాలో కూడా చెప్పగలరు.

వైద్యవిద్యార్థిని:

నాకూ మొదటి నెల ఆ ఇబ్బంది ఉండేది. అక్కడ లెక్క తిరగబడి ఉంటుందండీ. గిన్నెను బల్ల మీదే వదిలేసి, తలను గిన్నె దగ్గరకు వంచి తింటేనే మొరటుగా చూస్తారు. కొరియాలో మళ్ళీ దీనికి విరుద్ధం, గిన్నె ఎత్తకూడదు. మన ఎడమచేతి పట్టింపు అక్కడ ఎవరికీ తెలియదు గనుక నాయనమ్మ గారికి మనసులో ఒక దణ్ణం పెట్టుకొని గిన్నె ఎత్తండి. అయితే మొత్తం గిన్నెను అరచేతిలో పట్టుకోకూడదు, బొటనవేలు అంచు మీద, మిగతా వేళ్ళు అడుగున ఉండాలి.

పట్టు గురించి. రెండు పుల్లలూ కదులుతాయనుకోవడమే అందరూ చేసే తప్పు. కింది పుల్ల కదలదు. దానిని బొటనవేలి మొదట్లో ఉండే లోయలో ఆనించి, ఉంగరపువేలి పక్కన నిలబెట్టాలి. పై పుల్లను మాత్రం పెన్ను పట్టినట్టు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మధ్య పట్టి ఆడించాలి. మొనలు రెండూ సమంగా ఉండాలి. ఒకటి ముందుకు పోతే ఎంత నొక్కినా కత్తెరలా అడ్డం పడతాయి. పుల్లల మధ్యకన్నా కాస్త పైభాగాన పట్టుకుంటే బలం తక్కువ పడుతుంది.

సాధనకు నున్నటి మెలమైన్ పుల్లలు వద్దు, స్టీలువి అసలే వద్దు, జారతాయి. వెదురువి తీసుకోండి. మొదటి వారం దోసకాయ ముక్కలు, పనీరు ముక్కలు, రెండో వారం ఉడికించిన పెద్ద శనగలు, ఆ తరువాత వేయించిన వేరుశనగ గుళ్ళు. ఒక్కొక్క గుండును ఒక గిన్నె నుండి ఇంకో గిన్నెలోకి మార్చండి. విందులో మొదట పెట్టే చిరుతిళ్ళలో వేరుశనగ గుళ్ళు తరచుగా ఉంటాయి, అవి ఎత్తగలిగితే మిగతావి భయపెట్టవు. ఫ్రైడ్ రైస్ జోలికి మాత్రం వెళ్ళకండి.

పెద్దమ్మ వంటిల్లు:

పాత పుస్తకం గారు చెప్పిన చేతులు రుద్దుకోకూడదన్న నియమం మా వారికి చదివి వినిపించాను. ఇక నుంచి చెంచాతో పెరుగన్నం తినే మా కోడలికి కూడా వినిపిస్తాను.

చీమకుర్తి రాయి:

నిన్న రాత్రి ఇంటికి చేరాను. విశేషాలు రాస్తున్నాను.

విందుకు రెండుసార్లు పిలిచారు. మొదటి రోజు తిరిగే గాజు పలక మీద వేరుశనగ గుళ్ళు వచ్చాయి. మూడు ఎత్తాను, నాలుగోది జారి పక్కాయన టీ కప్పులో పడింది. ఆయన గట్టిగా నవ్వి, ఆ కప్పును పక్కన పెట్టించి నాకు మరో గుప్పెడు వడ్డించారు. అన్నం గిన్నె ఎత్తాను. రెండో గిన్నెకు నాకే తెలియకుండా అలవాటయింది. పుట్టగొడుగులు మాత్రం లొంగలేదు. నూనెలో నిగనిగలాడుతూ పుల్లల మధ్య నుండి పాదరసంలా జారిపోతుంటే పింగాణీ చెంచాతో తీసుకున్నాను. నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కూడా వాటిని చెంచాతోనే తీసుకోవడం గమనించాను. చేప వచ్చినప్పుడు ముల్లు తీయడం నా చేతకాదని వడ్డించే అమ్మాయికే అప్పగించాను. ఎవరూ దానిని తిప్పలేదు.

రెండో రోజు పీతలూ రొయ్యలూ తెప్పించారు. అందరికీ పల్చని ప్లాస్టిక్ చేతొడుగులు పంచిపెట్టారు. పుల్లలన్నీ పక్కకు పోయి, పదిమందీ చేతులతో గుల్లలు విరుచుకుంటూ తిన్నారు. ఆ బల్ల మీద నా అంత వేగంగా పీత ఒలిచినవాడు ఇంకొకడు లేడు. కొత్తపట్నం పీతలు తిని పెరిగినవాడిని కదా.

పెద్దమ్మ వంటిల్లు:

చేతొడుగు వేసుకుని తింటే రుచి తెలిసిందా నాయనా?

చీమకుర్తి రాయి:

లేదు పెద్దమ్మ గారూ. రెండో పీతకు కుడిచేతిది తీసేశాను. టీ కప్పు పెద్దాయన నన్ను చూసి, తనదీ తీసి పక్కన పెట్టారు.